ఇంజన్ గొంతు తగ్గకుండానే మల్చర్ ఎందుకు చతికిలబడుతోంది?

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది రాజోలు దగ్గర. కొబ్బరితోట, అందులో కొంత కోకో. కలుపు తీయడానికి మనుషులు దొరక్క, ఏలూరు వైపు పామాయిల్ తోటలో వాడిన అయిదడుగుల మల్చర్‌ని (ట్రాక్టర్ వెనక తగిలించి గడ్డి, మట్టలు నలగ్గొట్టే మిషన్) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ట్రాక్టర్ 45 హెచ్‌పీ, డబుల్ క్లచ్. మొదట ఓ పది నిమిషాలు గడ్డిని పిండి చేసేస్తుంది, ఆ తర్వాత పవర్ తగ్గిపోయి, గడ్డిని కొయ్యకుండా పడుకోబెట్టి మీద నుంచి వెళ్ళిపోతుంది. ఏదో కాలిన వాసన కూడా వస్తోంది. అరగంట ఆపితే మళ్ళీ బాగానే కోస్తుంది. ఇంజన్ శబ్దంలో మాత్రం పెద్ద తేడా లేదు. డీజిల్ కలిసొస్తుందని 1400 ఆర్‌పీఎం మీద నడుపుతున్నాను. ఒక మెకానిక్ డీజిల్ పంపు విప్పాలన్నాడు. ఇంకొకాయన బ్లేడ్లు అరిగాయన్నాడు, సానబెట్టించినా అంతే. షోరూమ్ వాళ్ళేమో 55 హెచ్‌పీ బండి తీసుకోమంటున్నారు. ట్రాలీ నిండా కొబ్బరికాయలు వేసినా బండి ఏటిగట్టు ఎక్కుతోంది కాబట్టి ట్రాక్టర్‌లో లోపం లేదనే అనుకుంటున్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: అబ్బాయ్, ముందు ఆ డీజిల్ పంపు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు. సీలు విప్పిన పంపుని మళ్ళీ టెస్ట్ బెంచ్ ఎక్కిస్తే గానీ సరిగ్గా సెట్ కాదు, నీ విషయంలో ఆ తిప్పలంతా దండగ. నీకు కావలసిన సమాధానం నీ ఉత్తరంలోనే ఉంది, ఇంజన్ శబ్దంలో తేడా లేదు అన్న ఒక్క మాటలో.

ఇంజన్‌లో బలం తగ్గితే లోడు పడగానే గొంతు దిగుతుంది, ఆర్‌పీఎం ముల్లు కిందికి జారుతుంది, చాలాసార్లు నల్లపొగ కూడా వస్తుంది. నీ బండి అవేమీ చెయ్యడం లేదు. బ్లేడ్లు నెమ్మదిస్తున్నా ఇంజన్ తన పాటికి తాను తిరుగుతోందంటే, ఆ లోడు అసలు ఇంజన్ దాకా రావడమే లేదు. పవర్ ఇంజన్‌లో పుడుతోంది, బ్లేడ్లు బిగించిన రోటర్‌కి చేరేలోపు దారిలో ఎక్కడో జారిపోతోంది. జారిన పవర్ గాల్లో కలిసిపోదు కదా, అక్కడే వేడిగా మారుతుంది, ఆ వేడికే నీకు కాలిన వాసన వస్తోంది. పది నిమిషాలకి వేడెక్కి జారడం, అరగంట ఆపితే చల్లారి మళ్ళీ పట్టడం, రెండూ ఇదే సంగతి చెబుతున్నాయి. ఇలాంటి దానికి 55 హెచ్‌పీ బండి తగిలిస్తే జరిగేది ఒక్కటే, ఇప్పుడు పది నిమిషాలకి కాలుతున్నది అప్పుడు ఇంకా ముందే కాలుతుంది.

అయినా ఇంజన్ మాట ఇంకోసారి రూఢి చేసుకో. సీటు మీద కూర్చున్నవాడికి మల్చర్ మోతలో ఇంజన్ చప్పుడు సరిగ్గా తెలియదు. ఇంకొకర్ని దూరంగా, బండికి పక్కవైపు నిలబెట్టు, మల్చర్ వెనకాల మాత్రం వద్దు, అందులోంచి రాయో కొబ్బరి డొక్క ముక్కో తూటాలా వస్తుంది. వాళ్ళు సైలెన్సర్ చప్పుడు వింటూ పొగ చూస్తారు, నువ్వు కోత ఆగిపోతున్న క్షణంలో ఆర్‌పీఎం ముల్లు చూడు. ముల్లు కదలకపోతే నేను చెప్పబోయేదంతా నీకు పనికొస్తుంది. బాగా పడిపోతోందంటే మాత్రం చివర్లో రాసింది చదువు.

ఇక పవర్ వెళ్ళే దారి చూద్దాం. ఇంజన్ నుంచి క్లచ్, అక్కడి నుంచి పీటీఓ (వెనక తగిలించిన మిషన్‌ని తిప్పడానికి ట్రాక్టర్‌కి ఉండే ఇరుసు), పీటీఓ షాఫ్ట్, మల్చర్ గేర్ బాక్స్, పక్కన బెల్టులు, చివర రోటర్. ఈ దారిలో పళ్ళతో, స్ప్లైన్లతో (షాఫ్ట్ మీది నిలువు గాళ్ళు), కీలతో పట్టుకున్నవి చాలా ఉన్నాయి. అవి పట్టి ఉంటాయి, లేదంటే విరుగుతాయి. అరిగితే టకటకమని కొడతాయి, అంతే గానీ వేడెక్కి జారి, చల్లారాక మళ్ళీ పట్టుకునే అలవాటు వాటికి లేదు. అలా చేసేవి రాపిడితో పట్టుకునేవే. నీ సెట్టులో అలాంటివి మూడే మూడు: ట్రాక్టర్ లోపల పీటీఓ క్లచ్ ప్లేటు, షాఫ్ట్‌కి ఉంటే, లోడు మించినప్పుడు జారే స్లిప్ క్లచ్, మల్చర్ పక్క డబ్బాలో బెల్టులు. ఈ మూడింట్లో ఏదో తేల్చితే పని అయిపోయినట్టే.

ఏది ముట్టుకునే ముందైనా పీటీఓ లివర్ న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపి, తాళం తీసి నీ జేబులో వేసుకో. ఇంజన్ ఆగినా రోటర్ తన బరువుకి కాసేపు తిరుగుతూనే ఉంటుంది, అది పూర్తిగా నిలిచాకే దగ్గరికి వెళ్ళు. మల్చర్ పైకెత్తి అడుగున చూడాలంటే హైడ్రాలిక్‌ని నమ్ముకోకుండా చెక్క దిమ్మలు పెట్టు. పీటీఓ నిమిషానికి 540 చుట్లు అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. లుంగీ అంచో, భుజం మీద తువ్వాలో చిక్కుకుంటే మనిషి తేరుకునే టైమే ఉండదు. మన వైపు చాలామంది షాఫ్ట్ మీది ప్లాస్టిక్ గొట్టం పగిలిపోతే తీసి పారేసి అలాగే నడిపేస్తారు, సెకండ్ హ్యాండ్ మిషన్‌కి అది దాదాపు ఉండదు కూడా. లేకపోతే ముందు అది కొను.

నా అనుమానం మొదట బెల్టుల మీదే. కారణం ఆ మల్చర్ పాత చరిత్ర. పామాయిల్ మట్ట మొదలు ఎంత మందంగా, ఎంత గట్టిగా ఉంటుందో నీకు తెలుసు, అవి నలగ్గొట్టిన మిషన్ బెల్టులకి ప్రతి మట్టకీ ఒక దెబ్బ తగిలి ఉంటుంది. అమ్మినాయన కొత్త బెల్టులు వేసి అమ్మాడని నువ్వు రాయలేదు.

పక్క డబ్బా మూత విప్పు. కోత దెబ్బతిని ఆగిన వెంటనే, ఇంజన్ ఆపి అంతా నిలిచాక విప్పితే ఇంకా మంచిది. పుల్లీ మీద చెయ్యి పెట్టకు, నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించు. చుయ్ మన్నాయంటే దొంగ దొరికినట్టే. తర్వాత చల్లారనిచ్చి బెల్టు పక్క గోడలు చూడు. వీ బెల్టు పని చేసేది అడుగుతో కాదు, రెండు పక్కలతో, గాడిలో బిగుసుకుని లాగుతుంది. ఆ పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తుంటే బెల్టు కాలి గట్టిపడిందని అర్థం, ఇక దాన్ని ఎంత బిగించినా జారుతూనే ఉంటుంది. బెల్టు పైభాగం పుల్లీ అంచుకి సమంగానో, కొంచెం పైకో ఉండాలి. లోపలికి కూరుకుపోయి ఉంటే బెల్టు అరిగిపోయినట్టు, లేదా పుల్లీ గాడి వెడల్పయినట్టు. గాడి అడుగు కూడా గీరుకుపోయి మెరుస్తోందంటే బెల్టు అడుగు తాకేసింది, పక్కలకి పట్టు లేదు. ఏది అరిగిందో తేలకపోతే కొత్త బెల్టు ఒకటి గాడిలో పెట్టి చూడు, అది కూడా కూరుకుపోతే పుల్లీ మార్చాల్సిందే. పాత పుల్లీకి కొత్త బెల్టులు వెయ్యడం డబ్బు పారేసుకోవడం.

బెల్టులు బాగానే ఉండి వదులైతే టెన్షనర్ బోల్టు చూడు. మన దగ్గర, అందులోనూ సముద్రం గాలి తగిలే మీ వైపు, ఆ బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. తిప్పినవాడు బిగించాననుకుంటాడు, లోపల ప్లేటు మాత్రం అంగుళం కూడా జరగదు. తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా వదిలేసి పొద్దున్న తిప్పు. ఎంత బిగించాలో కంపెనీ పుస్తకంలో ఉంటే అదే లెక్క. పుస్తకం లేకపోతే, బెల్టు ఒక పుల్లీని వదిలి ఇంకో పుల్లీని తాకే మధ్య దూరం అర మీటరు ఉందనుకో, ఆ మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 8 మిల్లీమీటర్ల దాకా దిగాలి. అంతకంటే ఎక్కువ దిగితే వదులు. అసలు దిగకుండా తీగలా బిగించావంటే ఈసారి బేరింగులు పోతాయి.

మార్చాల్సి వస్తే అన్నీ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే సైజువి మార్చు. ఒక్కటే పోయిందని ఒక్కటే వేశావంటే, సాగిన పాతవి ఊరికే తిరుగుతూ ఉంటాయి, మొత్తం లాగే భారం ఆ కొత్తదాని నెత్తిన పడి అది వారం తిరక్కుండా పోతుంది. రావులపాలెం వెళ్ళినా రాజమండ్రి వెళ్ళినా పాత బెల్టుని చేతిలో పట్టుకునే వెళ్ళు, వీపు మీద నంబరు అచ్చు వేసి ఉంటుంది. అచ్చు చెరిగిపోయిందని టేపుతో చుట్టుకొలత కొలిచి తెచ్చావంటే తప్పు సైజు వస్తుంది, సాగిన బెల్టు కదా అది. మిషన్ మీది రేకు ప్లేటు ఫోటో తీసుకెళ్ళి దాన్ని బట్టి అడుగు. ఎక్కించేటప్పుడు స్క్రూ డ్రైవరు దూర్చి మెలేసి ఎక్కించే మెకానిక్‌లు ఉన్నారు, ఒప్పుకోకు. లోపలి పోగులు తెగుతాయి, పైకి ఏమీ కనపడదు. టెన్షనర్ పూర్తిగా వదులు చేస్తే బెల్టు చేత్తోనే ఎక్కుతుంది. కొత్త బెల్టు మొదట్లో సాగుతుంది కాబట్టి మొదటి గంట పని అయ్యాక ఒకసారి, ఆ సాయంత్రం ఒకసారి బిగువు చూసుకో. పాతకాలం రైసు మిల్లుల్లో బల్లపరుపు బెల్టు జారితే గుగ్గిలం రాసేవారు. ఆ వైద్యం వీ బెల్టుకి చెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకో, జిగురుకి దుమ్ము పట్టుకుని పక్కలు ఇంకా త్వరగా అరుగుతాయి.

కొత్తవి వేసేముందు, పాతవి తీసి ఉన్నప్పుడే రెండు పనులు చెయ్యి, మళ్ళీ ఇంత వీలు దొరకదు. ఒకటి, బెల్టులు లేని రోటర్‌ని చేత్తో తిప్పు. బరువుగా అయినా సాఫీగా తిరగాలి. గరగరలాడినా, ఒక చోట పట్టేసినా బేరింగులు చూడాలి. రోటర్ రెండు చివర్లా, బేరింగ్ పక్కన చుట్టుకున్న చెత్త చూస్తే నీకే ఆశ్చర్యం వేస్తుంది. తీగలు, కొబ్బరి పీచు తాడు, గెలలు దించే నైలాన్ తాడు ముక్కలు, ఎరువు బస్తాల పోగులు, చెరువులు దగ్గర్లో ఉంటే వల ముక్కలు కూడా. అవి బిగుసుకుని బ్రేకు వేసినట్టు పట్టుకుంటాయి, సీలు చీల్చుకుని లోపలికి దూరి గ్రీజుని బయటికి తోస్తాయి. కొడవలితో కోసి లాగెయ్యి. రెండు, ఒక పురికొస తీసుకుని పై పుల్లీ, కింది పుల్లీ ముఖాల మీదుగా బిగదీసి పట్టు. రెండు పుల్లీల అంచులకీ నాలుగు చోట్లా దారం తాకాలి. ఒకచోట సందు కనిపిస్తే పుల్లీలు వంకరగా ఉన్నాయి, బేరింగ్ జరిగి ఉండొచ్చు, లేదా కీ వదులై పుల్లీ పక్కకి జరిగి ఉండొచ్చు. అది సరిచెయ్యకుండా బెల్టులు వేస్తే వచ్చే నెల మళ్ళీ ఇదే ఉత్తరం రాస్తావు.

బెల్టులు నిక్షేపంగా ఉన్నాయనుకో. అప్పుడు షాఫ్ట్ దగ్గరికి రా. షాఫ్ట్‌కి మల్చర్ వైపు చివర స్ప్రింగులు, బోల్టులతో గుండ్రటి డబ్బా లాంటిది ఉంటే అదే స్లిప్ క్లచ్, లోపల క్లచ్ ప్లేట్ల లాంటివే ఉంటాయి. అది లేకుండా ఒక్క షేర్ బోల్టే ఉంటే ఈ పేరా వదిలెయ్, ఆ బోల్టు నెమ్మదిగా జారదు, విరిగితే ఒక్కసారిగా విరుగుతుంది. స్లిప్ క్లచ్ ఉంటే దాని రెండు సగాల మీదా అడ్డంగా ఒక సుద్ద గీత గియ్యి. బురద అంటుకుంటుందనుకుంటే పెయింటు. తోటలో దించి, కోత ఆగిపోయేదాకా నడిపి, బండి ఆపి వచ్చి చూడు. గీత ఒకే వరుసలో ఉంటే స్లిప్ క్లచ్ తప్పేమీ లేదు. విడిపోయి ఒక ముక్క అటూ ఒక ముక్క ఇటూ ఉంటే జారుతున్నది అదే. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, ఆ ఇద్దరు మెకానిక్‌లలో ఒక్కరికీ తోచకపోవడం నాకు విచిత్రంగా ఉంది.

జారుతుంటే వెంటనే స్పానర్ తీసుకుని నట్లన్నీ దిగ్గొట్టకు. స్ప్రింగులు చుట్టకి చుట్ట తగిలేదాకా బిగిస్తే అది ఇక క్లచ్ కాదు, ఇనప ముద్ద. మొద్దుకి రోటర్ తగిలిన రోజు జారాల్సింది జారక గేర్ బాక్స్ పళ్ళు ఎగిరిపోతాయి. విప్పి, ప్లేట్లకి నూనె, గ్రీజు అంటితే శుభ్రం చేసి, పలచబడితే మార్చి, స్ప్రింగు పొడవు అన్ని వైపులా సమంగా, కంపెనీ చెప్పినంతే పెట్టించు. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది, వానాకాలమంతా బయట పడేసిన షాఫ్ట్‌లో ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోయి అసలు జారవు. నువ్వు చెప్పిన లక్షణాలకి అది కారణం కాదు గానీ, విప్పినప్పుడు ఆ తుప్పు కూడా గీకించు.

ఇక మూడోది, నువ్వు లోపం లేదని వదిలేసినది. ట్రాలీ గట్టు ఎక్కుతోంది కాబట్టి ట్రాక్టర్ బాగుందన్నావు. డబుల్ క్లచ్ బండిలో చక్రాలకి వెళ్ళే ప్లేటు వేరు, పీటీఓకి వెళ్ళే ప్లేటు వేరు. ట్రాలీ లాగేది మొదటిది. రెండోది అరిగిపోయినా రోడ్డు మీద నీకు ఏ తేడా తెలియదు. మన డెల్టా బండ్లకి ఆ రెండో ప్లేటే ముందు పోయే అవకాశం ఎక్కువ, ఎందుకంటే సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండు దమ్ములకీ రోటవేటర్ తిప్పేది అదే. నీ బండి దమ్ముకి వెళుతుందో లేదో రాయలేదు. అద్దెకి తిప్పినా సరే, దమ్ముకి వెళ్ళిన బండి అయితే దీన్ని తేలిగ్గా తీసుకోకు.

వాసన కూడా కొంత చెబుతుంది. బెల్టు కాలితే సైకిల్ ట్యూబు కాలిన రబ్బరు కంపు, అది వెనక నుంచి వస్తుంది. క్లచ్ కాలితే, దమ్ములో బండి కూరుకుపోయి డ్రైవరు క్లచ్ మీద కాలేసి పీకినప్పుడు వచ్చే ఘాటు వాసన, అది నీ కాళ్ళ దగ్గర నుంచి వస్తుంది. తోటలో గాలి ఎటు వీస్తుందో తెలియదు కాబట్టి ముక్కునొక్కదాన్నే నమ్మకు. పక్క చేలో ఎవరిదైనా రోటవేటర్ తగిలించి, గట్టిగా ఉన్న మెట్ట నేలలో, అదే ఆర్‌పీఎం మీద నువ్వు మల్చర్ నడిపినంతసేపూ నడుపు. బురదలో నడిపితే తేలదు, లోడు చాలదు. ఇంజన్ హోరెత్తుతూ రోటవేటర్ కూడా నెమ్మదిస్తే జారేది ట్రాక్టర్ లోపల. రోటవేటర్ మట్టిని చక్కగా ఎగరగొడుతుంటే ట్రాక్టర్ నిర్దోషి, మల్చర్ దగ్గరికే వెనక్కి వెళ్ళు.

ట్రాక్టర్ అని తేలినా వెంటనే రెండుగా విడదీయించకు. ముందు క్లచ్ పెడల్ ఫ్రీ ప్లే చూడు. చేత్తో నొక్కితే మొదట కొంత, మామూలుగా ఒక అంగుళం అటూ ఇటూ, వదులుగా దిగి తర్వాత గట్టిపడాలి. ఆ వదులు లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉంటుంది. లింకు రాడ్డు సరిచేస్తే పోయే జబ్బు ఇది. రెండోది, డ్రైవరు కాలు పెడల్ మీదే విశ్రాంతి తీసుకుంటోందేమో గమనించు. మూడోది, చాలా బండ్లకి క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, దమ్ముకి దిగేముందు నీళ్ళు పోకుండా దానికి బిరడా పెడతారు. పని అయ్యాక తియ్యడం మర్చిపోతే లోపలికి చేరిన నీళ్ళు, నూనె అక్కడే నిలిచిపోతాయి. బిరడా తీసి చూడు. నూనె కారితే ఆయిల్ సీలు పోయి ప్లేటుకి నూనె అంటుకుంటోంది, అప్పుడు విప్పక తప్పదు.

ఇప్పుడు నిన్ను కొంచెం తిట్టాలి. ఆ 1400 ఆర్‌పీఎం ఆదా నీకు ఎదురు తన్నింది. ట్రాక్టర్ మీటరు మీద 540 పీటీఓ అని గుర్తు ఉంటుంది, లేకపోతే పుస్తకంలో ఇంజన్ ఎన్ని చుట్లకి పీటీఓ 540 తిరుగుతుందో రాసి ఉంటుంది, బండిబండికీ అది మారుతుంది. ఉదాహరణకి 1750 దగ్గర 540 ఇచ్చే బండిని 1400 మీద నడిపితే పీటీఓ తిరిగేది 432, అంటే అయిదో వంతు తగ్గింది. దెబ్బలో బలం వేగంతో పాటు తగ్గదు, వేగం వర్గంతో తగ్గుతుంది, కాబట్టి అయిదో వంతు వేగం పోతే దెబ్బలో మూడో వంతుకు పైగా పోతుంది. గడ్డి తెగకుండా వంగిపోవడానికి అది చాలు. పైగా అదే పని తక్కువ వేగంలో చెయ్యాలంటే బెల్టు ఎక్కువ బలంతో లాగాలి, ఎక్కువ లాగితే జారుతుంది. డీజిల్‌లో మిగిలింది బెల్టుల్లో పోతోంది. గుర్తు దగ్గరే నడుపు. పీటీఓ వేసేటప్పుడు మాత్రం ఇంజన్ తక్కువ చుట్ల మీద ఉండాలి, వేశాక నెమ్మదిగా పెంచి, పూర్తి వేగం అందుకున్నాకే గడ్డిలోకి దింపాలి. రేజ్ చేసి ధభాలున పీటీఓ వేసే డ్రైవర్ల వల్లే సగం బెల్టులు పోతాయి.

బ్లేడ్లకి సానబెట్టించానన్నావు, అవి అసలు ఏ రకమో రాయలేదు. పామాయిల్ తోట మిషన్ కాబట్టి బరువైన హ్యామర్లే ఉంటాయని అనుకుంటున్నాను. అవి మట్టలు, కొమ్మలు చితక్కొట్టడానికి. నీళ్ళు నిండిన పచ్చగడ్డికి, తుంగకి, ఊదకి అవి మోటు, కొయ్యడం కంటే కొట్టడం ఎక్కువ, పవర్ బాగా తింటాయి. నీ రోటర్ బ్రాకెట్లకి వై ఆకారం బ్లేడ్లు పడతాయేమో అమ్మిన కంపెనీ డీలర్‌ని అడుగు. పడితే గడ్డికి అవి వేసుకుని, మట్టలు విడిగా పోగేసి వేరేగా నలగ్గొట్టుకో. మార్చేటప్పుడు ఎదురెదురు జతలు మార్చు, ఒక వైపు కొత్తది రెండో వైపు అరిగినది ఉంటే రోటర్ ఊగి బేరింగులు తింటుంది.

పొద్దున్నే మంచులో కొయ్యకు, ఆకు ఆరాక దిగు. నడుం ఎత్తు గడ్డిని ఒక్క దెబ్బకి నేలకి కొట్టాలని చూడకుండా మొదటిసారి ఎత్తుగా, రెండోసారి కిందికి కొయ్యి. మన ఒండ్రు నేలలో రోటర్ మట్టిని తాకితే అది కోత కాదు, దుక్కి. వెనక రోలర్‌ని దించుకుని బ్లేడు నేలకి తగలకుండా చూసుకో, కొబ్బరి వేళ్ళకి కూడా అదే మంచిది. మల్చర్ డొప్ప లోపల గడ్డి, బురద కలిసి పిడకల్లా అట్ట కడుతుంది, రోటర్ దాన్ని రాసుకుంటూ తిరుగుతుంది, దానికీ పవర్ ఖర్చే. రోజూ సాయంత్రం గీకించు. గేర్ బాక్స్ ఆయిల్ ప్లగ్గు విప్పి చూడు, పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయి, వెంటనే మార్చు.

ముల్లు పడిపోతోంది, గొంతు దిగుతోంది అనేవాళ్ళకి రెండు ముక్కలు. నల్లపొగతో దిగితే గాలి చాలట్లేదు, లేదా లోడు ఎక్కువ: ఎయిర్ క్లీనర్ చూడండి, గేరు తగ్గించండి. పొగ లేకుండా నీరసంగా దిగితే డీజిల్ అందట్లేదు: ఫిల్టర్లు మార్చి, అడుగు గిన్నెలో నీళ్ళున్నాయేమో చూడండి, డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్‌కి వానాకాలంలో నీళ్ళు చేరడం మామూలే. కాసేపు బాగా నడిచి, ఆగి, కాసేపటికి మళ్ళీ బాగయ్యే బండికి ముందుగా ట్యాంకు మూత వదులు చేసి నడిపి చూడండి. మూతకి గాలి పోయే బొక్క దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులోకి గాలి చేరక డీజిల్ దిగదు. ఒక సూదితో తీరిపోయే పని. పంపు విప్పడం వీటన్నిటి తర్వాతి మాట.

అబ్బాయ్, నువ్వు ముందు బెల్టుల డబ్బా, ఆ తర్వాత సుద్ద గీత, చివర్న రోటవేటర్, ఈ వరసలోనే చూసుకుంటూ రా. ఒకవేళ పీటీఓ ప్లేటే అని తేలితే ఆ పని సార్వా కోతలు జరుగుతుండగానే పెట్టుకో, మెయిన్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా ఒకే విప్పుడులో చూపించు. దాళ్వా దమ్ములు మొదలయ్యాయంటే నీ మెకానిక్ ఫోన్ ఎత్తడు.